దేవరెద్దు పక్కన పరుగు

నిన్న తిరుమంగళం సంతకు ఎవరో ఒక కోడెను పసుపు నీళ్లతో కడిగి తోలుకొచ్చారు. తడి తోలు, పసుపు, చెమట కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో, నా పిక్కలు బిగిసిపోయాయి. అప్పుడు నేను ఒక ఎద్దుల బేరంలో ఉన్నాను. తువాలు కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునే బేరం మాది. నా వేళ్లు పట్టుకున్నవాడు, "ఏం పెద్దాయనా, చెయ్యి వణుకుతున్నదే" అన్నాడు. చెయ్యి కాదురా అబ్బీ, కాళ్లు! ఈ వయసులో, నడిసంతలో, పరిగెత్తాలని నా కాళ్లు ఒకటే గోల. ఆ కోడె దాటిపోయేదాకా బేరం మీద మనసు నిలిస్తే ఒట్టు. ఆ వాసన వస్తే నాకు దేవుడు గుర్తుకు రాడు, మా బొమ్మన్న మామ గుర్తుకొస్తాడు.

మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. దిండిగల్ దాటి, ఎర్రమట్టి మెట్టల్లో, ఏడాదిలో సగం ఇసుకగానే ఉండే ఒక ఏటి పక్కన మా ఊరు. మేము కంబళం కులం వాళ్లం. మా పెద్దలు తెలుగు సీమ వదిలి ఎన్ని తరాలైందో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో తెలుగు, సంతలో అరవం, ఎద్దులతో రెండూ. బొమ్మన్న మామ మా అమ్మకు అన్న. పొట్టి మనిషి, మెడ కనిపించదు, తొడలు మాత్రం రోకళ్లు. వయసులో ఉన్నప్పుడు ఒక పాళెగాడి దగ్గర ఈటె పట్టి పరిగెత్తినవాడు. కుంపిణీ రాజ్యం వచ్చాక ఈటెలూ బరిసెలూ అందరివీ పోయాయి, ఆయనదీ పోయింది. మిగిలింది ఉరుమి. ఉరుమి అంటే మా డోలు. ఒక పక్క కొడతారు, ఇంకో పక్క వంకర పుల్లతో రాస్తారు, అది ఆకలేసిన పులిలా మూలుగుతుంది. ఈటె పోయిన చేత్తో మామ ఆ ఉరుమి పట్టి, ఊళ్లో కుర్రాళ్లందరినీ పరిగెత్తించడం మొదలుపెట్టాడు.

ఎందుకు పరిగెత్తించాడో చెప్పాలి. మాకు మాలకోయిల అని ఒక గుడి ఉంది. గుడి అంటే గోపురం అనుకోకండి. పెద్దల రాళ్లు, చుట్టూ ముళ్లకంప, అంతే. కొన్నేళ్లకొకసారి చుట్టుపక్కల కంబళం ఊళ్లన్నీ అక్కడ చేరతాయి. ప్రతి ఊరికీ ఒక దేవరెద్దు ఉంటుంది. దానికి కాడి కట్టరు, ముక్కుతాడు వెయ్యరు, దాని ఇష్టం దానిది. జాతరనాడు ఆ దేవరెద్దులన్నిటినీ దూరంగా ఒక గుట్ట దగ్గర నుంచి ఒక్కసారి వదులుతారు. గుడి ముందు తెల్ల గుడ్డ పరిచి ఉంటుంది. ముందుగా ఏ ఎద్దు దాని మీద అడుగు పెడితే, ముగ్గురు కన్నెపిల్లలు దాని మీద పసుపు చల్లి, ఆ ఊరి కుర్రాడి చేతిలో ఒక నిమ్మకాయ పెడతారు. ఒక్కటంటే ఒక్క నిమ్మకాయ! దాని కోసం మావాళ్లు పెళ్లిళ్లు కూడా వాయిదా వేస్తారు. ఎద్దు పక్కన కుర్రాడు పరిగెత్తాలి, కానీ ఆ రోజు ఎద్దును ముట్టుకోకూడదు. ఎద్దు లేకుండా వాడొక్కడే ముందు వచ్చాడనుకోండి, పెళ్లికూతురు లేకుండా ఊరేగొచ్చిన పెళ్లికొడుకును చూసినట్టు జనం నవ్వుతారు. మా ఊరి ఎద్దు సుక్కడు, నుదుట తెల్ల చుక్క ఉన్నవాడు. వాడి పక్కన పరిగెత్తే కుర్రాణ్ణి ఎంచేది మామ. ఆ కుర్రాడు నేనే కావాలని నాకు పిచ్చి. తిండి మీద, నిద్ర మీద, దేని మీదా ధ్యాస లేదు.

మామ దగ్గర మొదటి పాఠం నీళ్లు. పొద్దున్నే ఏటి ఇసుకలో వరసగా నిలబెట్టి, ఒక్కొక్కడి నోట్లో పుక్కిటెడు నీళ్లు పోసేవాడు. ఆ నీళ్లు మింగకుండా, ముక్కుతోనే ఊపిరి పీలుస్తూ, కాళ్లు కూరుకుపోయే ఇసుకలో అవతలి ఒడ్డు బండదాకా పరిగెత్తి, ఆయన అరచేతిలో ఉమ్మాలి. నోరు ఎండిపోయి వచ్చినవాడు మళ్లీ మొదటినుంచి. నేను తెలివైనవాణ్ణని నా నమ్మకం. సగం దారిలో హాయిగా మింగేసి, బండ దగ్గరున్న చెలమలో వంగి కొత్త నీళ్లు నోట్లో నింపుకుని, దర్జాగా ఆయన చేతిలో ఉమ్మాను. మామ ఆ నీళ్లలో వేలు ముంచి చూశాడు.

"నిండా సల్లగా ఉండాదేరా మాప్పిళ్ళె! అంత దూరం నోట్లో మోసిన నీళ్లు కాగిన గంజి మాదిరి ఉండాల. నువ్వేం తింటావురా, మంచుగడ్డలా?"

అందరూ ఇసుకలో పడి నవ్వారు. మేనల్లుణ్ణి మా పక్క మాప్పిళ్ళె అంటారు, అల్లుడనే ముద్దు మాట అది. మామ ఆ ముద్దు మాటతోనే నన్ను పొద్దెక్కేదాకా పరిగెత్తించాడు. ఆ తర్వాత ఎప్పుడూ నేను నీళ్లు మింగలేదు. చెంపలు పగిలినా మింగలేదు.

కాళ్లు బలపడ్డాక నేను గాలి అయిపోయాను. అతిశయం కాదు, ఊళ్లో ఎవడూ నా దరిదాపులకు వచ్చేవాడు కాదు. సుక్కడి పక్కన నిలబెట్టి మొదటిసారి వదిలినప్పుడు, నేను వాణ్ణి కూడా దాటేసి బండ దగ్గరికి వచ్చి, రొమ్ము విరుచుకుని నిలబడ్డాను. వెనక్కి చూస్తే సుక్కడు నడి ఏటిలో ఆగి, నీడన రెల్లు మేస్తున్నాడు. మామ ఉరుమి కిందపెట్టి నెమ్మదిగా నా దగ్గరికి వచ్చాడు. తిడతాడని చెవులు మూసుకున్నాను. తిట్టలేదు.

"ఎద్దుకు ముందు పరిగెత్తేవాడు దొంగ. ఎనక పరిగెత్తేవాడు గొడ్లకాపరి. పక్కన పరిగెత్తేవాడే మనవాడు. నీ ఊపిరి వాడి చెవికి వినపడాల. వినపడకుంటే వాడికి నువ్వు లేనట్టే."

ఆ రోజునుంచి నా పడక సుక్కడి దొడ్డిలోకి మారింది. వాడి గంగడోలు తోమాను, వాడు తిన్న చోటే కంబు సంకటి తిన్నాను, కంబు అంటే మీ సజ్జలే. మా అమ్మ ముక్కు మూసుకుని, "నా కడుపున పుట్టినాడా, ఆవు కడుపున పుట్టినాడా!" అనేది. కొన్నాళ్లకు సుక్కడు నా ఊపిరి విని పరుగు పెంచడం, నేను ఊపిరి తగ్గిస్తే తగ్గడం నేర్చుకున్నాడు. అబ్బ, ఆ సంతోషం చెప్పేది కాదు! ముట్టుకోకుండా, పిలవకుండా, ఒక కొండంత జంతువు నా పక్కన నా ఊపిరిని బట్టి కదులుతుంటే, నాకు నేనే ఊరి పాళెగాణ్ణి అనిపించేది. మామ అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేసి, "ఈసారి వీడే" అన్నాడు.

అంతా కుదిరిందనుకున్న వేళకు కుంపిణీ దొర ఒకడు వచ్చాడు. ఆయన డేరాలు ఏటికి ఎగువన వేశారు. ఒక పొద్దున మేమంతా వరస కట్టి, చేతుల్లో కర్రలతో, ఉరుమి దెబ్బకు దేవరాట అడుగులు వేస్తున్నాం. అది మా కులపు ఆట. అందరి కాళ్లూ ఒక్కసారే లేవాలి, ఒక్కసారే నేలను తాకాలి. పరుగుకు అడుగు కుదరాలని మామ రోజూ దాన్ని ఆడించేవాడు. గుర్రం మీద వచ్చిన దొర ఒడ్డున ఆగి చూశాడు. పక్కన దుబాసీ ఉన్నాడు, దొర మాటను అరవంలోకి మార్చేవాడు.

"ఇది కవాతు కదా అంటున్నారు దొరవారు. ఎవరి మీదికి యుద్ధానికి?"

"ఎద్దు మీదికి" అన్నాడు మామ.

దుబాసీ ఆ మాట చెప్పాలో వద్దో తెలియక నీళ్లు నమిలాడు. చెప్పాక దొర నవ్వాడు, కానీ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఇంతమంది కుర్రాళ్లు కర్రలు పట్టుకుని ఒకచోట చేరడం, పాతకాలంలో ఈటెగాళ్లను పోగుచేసిన డోలు మళ్లీ మోగడం ఆయనకు గిట్టలేదు. జాతరను ఆపించడానికే చూశాడు. మామ ఒడ్డు ఎక్కి, గుర్రం కాళ్ల దగ్గర నిలబడి, పూచీ తనదన్నాడు. చివరికి ఇదీ మాట: జాతర జరుపుకోవచ్చు. కర్రలు ఉండకూడదు, ఉరుమి మోగకూడదు. ఎద్దులు చెదిరి చేలల మీద పడినా, జనం మీద పడినా, కుర్రాళ్లు కొట్టుకున్నా, జాతర అదే ఆఖరు. బొమ్మన్న మామ సిపాయిల మధ్యన కూర్చుని ఉంటాడు, అల్లరి జరిగితే అటునుంచి అటే జైలుకు.

ఊళ్లో పొయ్యి వెలగని ఇల్లు లేదు గానీ ఆ పూట ఎవరికీ కూడు దిగలేదు. ఎందుకంటే దేవరెద్దులకు దారి చూపేదే ఉరుమి. గుడి దగ్గర అది మోగుతుంటే ఆ మోత వైపు ఎద్దులు వస్తాయి. దూడలప్పటినుంచి అలా అలవాటు చేస్తాం. మోత లేకపోతే? జాతరనాటికి కంబు చేలు కంకులు వేసి ఉంటాయి. ఏ ఎద్దయినా రాళ్ల గుడికి పోతుందా, కంకికి పోతుందా? మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, "అన్నా, నీకేల ఈ పూచీ? ఏల ముందుకు పోయినావు?" అని ఏడ్చింది. మామ ఉరుమిని అటక మీద పెట్టి వచ్చాడు. గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు ఉరుమి లేకుండానే ఇసుకలోకి దిగాం. మామ ఒడ్డున చెయ్యి ఊపుతుంటే, అలవాటు కొద్దీ దేవరాట అడుగులే వేస్తున్నాం. రెండు బరువుగా, ఒకటి తేలికగా, మళ్లీ రెండు బరువుగా. ఇసుక దాటి గట్టి నేల మీదికి వచ్చేసరికి మా అరికాళ్ల చప్పుడు పైకి వినబడింది. గట్టు మీద మేస్తున్న సుక్కడు తల ఎత్తాడు. చెవులు మా వైపు తిప్పాడు. మామ లేచి నిలబడి, "ఆపొద్దు! డేయ్, ఎవడూ ఆపొద్దు!" అని అరిచాడు. మేము ఆపలేదు. సుక్కడు మేత వదిలి, గట్టు దిగి, మా చప్పుడు పట్టుకుని వచ్చేశాడు.

మామ చిన్నపిల్లాడిలా గంతులు వేశాడు. "తోల్లో లేదురా ఉరుమి! మీ అరికాళ్లలో ఉండాది!" అంటూ దొరికినవాణ్ణల్లా కావిలించుకున్నాడు. ఆ రోజునుంచి పరుగులోనే ఆ దెబ్బ వెయ్యడం నేర్చుకున్నాం. అనుకున్నంత సులువు కాదది. పరిగెత్తే కాలు తేలికగా పడాలని చూస్తుంది, దాన్ని బరువుగా పడమంటే ముందు మడమ వాస్తుంది, ఆ తర్వాత మోకాలు తిడుతుంది. మామ మా మడమలకు ఆముదం రాసి, ఎండలో కూర్చోబెట్టి, మళ్లీ లేపేవాడు. నా గుండె మాత్రం లోపల పండగ చేసుకుంటోంది. మిగతా ఊళ్లకు ఉరుమీ లేదు, ఈ కిటుకూ లేదు. నిమ్మకాయ నా చేతిలో పడ్డట్టే!

పడ్డట్టే అనుకున్న వారానికి, మామ మిగతా ఊళ్ల కుర్రాళ్లందరినీ మా ఏటికి పిలుచుకొచ్చాడు. వాళ్లలో ఎగువ ఊరి కాముడు ఉన్నాడు. పొడుగు కాళ్లవాడు, వాడి పరుగును ఎవరైనా పొగిడితే లేచిపోయేవాణ్ణి, వినడం నాకు ఇష్టం లేదు. మామ వాడికి అడుగు అడుగూ విప్పి చెబుతున్నాడు. వాడి మడమ తన ఒళ్లో పెట్టుకుని, ఎక్కడ మోపాలో వేలితో చూపిస్తున్నాడు. నా ఒళ్లు మండిపోయింది.

"మామా, నీకు బుద్ధి ఉందా? మన గుట్టు వాడికేల చెప్తావు?"

ఒడ్డున కంబు చెరుగుతున్న మా అమ్మ చేట వదిలేసి వచ్చి నా నోటి మీద ఒకటి వేసింది. చూడ్డానికి వచ్చిన ఊరిపెద్ద మాత్రం నా పక్షమే, ఆయన గొంతు ఇంకా పెద్దది. మామ కాముడి మడమ వదలకుండానే మాట్లాడాడు.

"మన ఎద్దు ఒకటి గుడికి చేరి, కడమ ఎద్దులన్నీ చేలల్లో పడితే, ఆ దొర ఏం సేస్తాడు? ఇంక జాతర ఉంటుందా? నన్ను కట్టుకుపోతాడనేది సరి, పోనీ. మీ పిల్లలు యాడ పరిగెత్తుతారు?"

"సరే, సగం నేర్పు" అన్నాను నేను, నోరు నొప్పెడుతున్నా ఊరుకోకుండా.

"సగం నేర్చినవాడు ఎద్దు కాళ్ల కింద పడతాడు. వాడికీ అమ్మ ఉండాది" అన్నాడు మామ. ఆ తర్వాత నన్ను చూసి కన్ను గీటి, "బయమా మాప్పిళ్ళె?" అన్నాడు. భయమే! కానీ చస్తే ఒప్పుకుంటానా?

జాతరనాడు గుట్ట దగ్గర దేవరెద్దులన్నీ ఒక్కచోట నిలబడితే, వాటి ఊపిరికే దుమ్ము లేచింది. ప్రతి ఎద్దుకూ పసుపు, మెడలో వేపమండ. దూరంగా గుడి, తెల్ల గుడ్డ, దాని పక్కన కుర్చీలో దొర, చుట్టూ ఎర్ర కోట్ల సిపాయిలు. వాళ్ల మధ్య మామ, ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని. ఉరుమి లేని మామను నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. కుర్రాళ్లందరి నోళ్లలో నీళ్లు. నా పక్కన సుక్కడు, వాడికి అవతల కాముడి కపిల ఎద్దు, దానికి అవతల కాముడు. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని చెంపలు ఇంకా ఉబ్బించాం.

తువాలు ఊపారు. వదిలారు. అమ్మో! నేల కదిలిపోయింది. కానీ మోత ఎక్కడ? ఎద్దులు నాలుగు గంతులు వేసి తికమకపడ్డాయి. ఒకటి పక్కకు తిరిగింది, ఇంకొకటి దాని వెంట చేల వైపు మెడ చాచింది. జనంలో కేకలు లేచాయి, సిపాయిలు తుపాకులు సర్దుకున్నారు. అప్పుడు నేను మడమ మోపాను. రెండు బరువు, ఒకటి తేలిక. నాకు అవతల కాముడు మోపాడు. వాడి వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు. కొన్ని అంగల్లో గుట్ట కింద ఉన్న కుర్రాళ్లందరి కాళ్లూ ఒకే ఉరుమి అయిపోయాయి. ఎముకల్లోంచి పైకి వచ్చింది ఆ మోత! చేల వైపు మెడ చాచిన ఎద్దు ఆగి, చెవి తిప్పి, మాతో కలిసింది. సుక్కడు దూకాడు, నేను వాడి భుజం దగ్గర, నా ఊపిరి వాడి చెవిలో. కాముడి కపిలది మా పక్కనే. ఒక అంగ మేము ముందు, ఒక అంగ వాళ్లు ముందు. నా జన్మలో నా కాళ్లు అంత వేగం ఎప్పుడూ ఎరగవు. అంత వేగం నాలో ఉందని కూడా నాకు తెలియదు.

గుడి దగ్గరపడ్డాక సుక్కడు ఎర్ర కోట్లను చూసి బెదిరాడు. పరుగు తప్పి, ఉన్నచోటే అడుగులు తొక్కాడు. నేను ముందుకు పోవచ్చు, తెల్ల గుడ్డ అదిగో, ఎదురుగా ఉంది. పోలేదు. వాడి పక్కనే నిలబడి నేల మీద దెబ్బ వేశాను, వేశాను, వేశాను. వాడు కదిలాడు. మేము గుడ్డ మీద అడుగు పెట్టేసరికి కపిల ఎద్దు అప్పటికే దాని మీద ఉంది. పసుపు దాని మీద పడింది. నిమ్మకాయ కాముడి చేతికి పోయింది.

నోట్లోని నీళ్లు ఉమ్మి భోరున ఏడ్చాను. సిగ్గేమీ లేదు, అంత కోపం. ఇంతలో నా వెనక ఒక్కొక్క ఎద్దూ వస్తోంది. ఒకటి, దాని వెనక ఇంకొకటి, పక్కన కుర్రాడు, మోగే కాళ్లు. ఆఖరి ఎద్దు గుడ్డ దాటేదాకా దొర కుర్చీలోంచి లేచి నిలబడే ఉన్నాడు. ఒక్క కంబు వెన్ను విరగలేదు. ఆయన మామ వైపు చూసి చెయ్యి ఊపాడు, వెళ్లమని. మామ నడవలేదు, పరిగెత్తుకొచ్చాడు. గడ్డమంతా కన్నీళ్లు.

"సూసినావా? సూసినావా మాప్పిళ్ళె? ఒక్కటి తప్పలేదురా! అన్నీ వచ్చేసినాయి!"

"నా నిమ్మకాయ నువ్వే వాడికి ఇచ్చినావు!" అని అరిచాను.

"ఆమా, నేనే ఇచ్చినాను" అన్నాడు మామ, మొహం తుడుచుకోకుండానే. "ఈ దినం పరిగెత్తిన మాదిరి ఎప్పుడైనా పరిగెత్తినావా? ఎవరి వల్ల పరిగెత్తినావు? నా వల్లా, నీ వల్లా? కాముడు పక్కన ఉండబట్టి. ఒంటిగా పరిగెత్తేది పందెం కాదురా, పారిపోయేది."

ఆ పూట ఆ మాట నా చెవికి ఎక్కలేదు. ఇప్పటికీ, నిజం చెప్పొద్దూ, ఆ నిమ్మకాయ నాదే అని నాకు గట్టి నమ్మకం. సుక్కడు బెదరకపోయి ఉంటేనా! జాతర మాత్రం ఆగలేదు. తర్వాతి జాతరకు నేను గెలిచాను కూడా. కాముడు చలిజ్వరంతో మంచం పట్టాడు, నన్ను తరిమేవాడు లేడు, సుక్కడూ నేనూ షికారుకు వెళ్లినట్టు వెళ్లి గుడ్డ తొక్కాం. ఊరంతా నన్ను ఎత్తుకుంది. ఇంటికి వచ్చి మామ ఎదుట కూర్చుంటే ఏడుపొచ్చింది. "పోయి కాముణ్ణి సూసిరా, పో" అన్నాడు. వెళ్లాను.

మామ పోయి చాలా ఏళ్లయింది. మేలూరు వైపునుంచీ, మదుర వైపునుంచీ కుర్రాళ్లు ఈ తిరుమంగళంలో నా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు, పరుగు నేర్పమని. తొడలు చూపిస్తారు, తాము దాటినవాళ్ల పేర్లు చెబుతారు. నేను వాళ్ల తొడలు చూడను. "నీ పక్కన నీకంటే వేగంగా పరిగెత్తేవాడు ఎవడైనా ఉన్నాడా?" అని అడుగుతాను. ఉన్నాడని చెప్పడానికి వాళ్లకు నోరు రాదు. "వాణ్ణి తీసుకునిరా, ఇద్దరికీ కలిపి నేర్పుతా. ఒంటిగా వస్తే నా దగ్గర ఏమీ లేదు" అంటాను. ముసలాడికి మతి పోయిందని తిట్టుకుంటూ పోతారు. మర్నాడు ఇద్దరొస్తారు.